ఆమెన్ లేని గుట్ట

పూర్వం పలనాటి సీమలో, నాపరాళ్ళ గనుల నడుమ, సొలసపాడు అనే గ్రామం ఒకటి ఉండేది. ఇప్పటికీ ఉంది, ఎక్కడికీ పోలేదు. ఆ గ్రామానికి పడమటి దిక్కున చెట్టూ చేమా లేక, ఎండకు కాగి, బోడిగా కూర్చున్న గుట్టను నేడు దూరప్రాంతాల భక్తులు మోకాలిగుట్ట అని పిలుచుకుంటున్నారు. పిలుచుకుంటే పిలుచుకోనివ్వండి. ఊరివాళ్ళు మాత్రం తరతరాలుగా దాన్ని ఆమెన్ లేని గుట్ట అనే అంటారు. ఆ మాట ఎందుకు పుట్టిందో తెలియకుండా అక్కడికి వెళ్ళి ఎంత సేపు మోకరించినా మోకాళ్ళు కొట్టుకుపోవడం తప్ప ఫలితం శూన్యం గనుక, ఆ స్థలం పరిశుద్ధమైన వృత్తాంతాన్ని మొదటినుంచీ చెప్పవలసి ఉన్నది.

ఆ గ్రామంలో తబితమ్మ అనే విశ్వాసురాలు నివసించేది. భర్త గనిలో రాయి మీద పడి గతించాడు, సంతానం లేదు, రాళ్ళు మోసిన కూలితో కాలక్షేపం చేసేది. ఉపవాస ప్రార్థనయందు ఆమెకున్న నిష్ఠ ఆ చుట్టుపట్ల మరొకరికి లేదు. ఉపవాసమంటే ఆమె దృష్టిలో కడుపు మాడ్చుకోవడం కాదు, దేవుని ముంగిట పంతం పట్టి కూర్చోవడం. ఉపవాసదినాన వేకువనే పొయ్యి అలికి, కుండ కడిగి, దాన్ని పొయ్యి మీద బోర్లించి ఆ గుట్టెక్కేది. ఆమెను చూసి ఊరి ఆడవాళ్ళందరూ అదే పద్ధతి నేర్చుకున్నారు. బోర్లించిన కుండ, పొగ రాని పొయ్యి, ఇవే సొలసపాడులో ఉపవాసానికి గుర్తులు. ఎవరికి కాన్పు కష్టమైనా, ఎవరి బిడ్డకు విషజ్వరం వచ్చినా ఆమె గడపలోకే వచ్చేవాళ్ళు. తబితమ్మ కుండ బోర్లిస్తే పరలోకం కదలాల్సిందేనని నలుగురూ అనుకునేవాళ్ళు. ఆ మాట ఆమె చెవిన పడకపోలేదు, పడితే సంతోషించకా పోలేదు. భక్తురాలైనంత మాత్రాన మనిషి కాకుండా పోతుందా?

ఆ ఊళ్ళో మరొక ఆచారం ఉండేది. ఏ ఇల్లాలైనా ఎసట్లో గింజలు పోసే ముందు ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనే ఉన్న చిన్న మట్టి ముంతలో వేసేది. అది దేవుని ముంత. ఇంట్లో ఎంత ఉన్నదని చూడకుండా, ముందు దేవుడికి పిడికెడు, తరువాతనే పిల్లలకు. ఆదివారంనాడు ఆ ముంతలన్నీ ప్రార్థన గుడికి మోసుకుపోయి అక్కడి పెద్ద బానల్లో పోసేవాళ్ళు. గుడికి ఒక కంచు గంట కొనాలని సంఘపెద్ద జక్కరయ్య సంకల్పం. అందుకోసం ఏళ్ళ తరబడి ఆ జొన్నలు కూడబెట్టి, వాకిలికి తాళం వేసి, తాళంచెవి తన మొలతాటికి కట్టుకున్నాడు. జక్కరయ్య తబితమ్మకు వరసకు మరిది. దొంగ కాదు, తిండిపోతు కాదు, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ఆయన లోపమల్లా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడం.

అట్లా ఉండగా ఆ సీమకు కరువు వచ్చింది. వాగు ఎండింది, చెలమలు ఎండాయి, గనుల్లో పని ఆగిపోయింది, మగవాళ్ళు కూలి వెతుక్కుంటూ కృష్ణా డెల్టా వైపు నడిచిపోయారు. ఊళ్ళో ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ పసివాళ్ళూ మిగిలారు. అప్పుడు జక్కరయ్య సంఘాన్ని కూర్చోబెట్టి, వాన కురిసేదాకా ఊరంతా ఉపవాసముండాలనీ, పగటిపూట ఏ ఇంటా పొయ్యి వెలగరాదనీ, పొగ లేచిన ఇల్లు ఊరందరి ప్రార్థననూ చెరిపినట్లేననీ ప్రకటించాడు. తిండి లేని ఊరికి తినవద్దని ఆజ్ఞ! ఎంత గొప్ప ఆజ్ఞో చూడండి! పగలు వండవద్దన్నవాడు రాత్రికి ఏం వండుకుంటారని అడిగాడా? అడగలేదు. గుళ్ళో బానల నిండా జొన్నలున్న సంగతి ఆయనకు గుర్తులేదా? ఉన్నది. అవి దేవుని సొత్తు, సమర్పించినదాన్ని వెనక్కి తీసుకోవడం పాపమని ఆయన నమ్మకం.

తబితమ్మకు ఇదేదీ తప్పనిపించలేదు. ఊరి తరఫున గుట్ట మీద కూర్చుని ప్రార్థించమని మరిది అడిగినప్పుడు ఆమె గుండె ఉప్పొంగింది. ఇంట్లో ఉన్న కాసిని కొర్రలు పక్కింటి ముసలాయనకిచ్చి, కుండ బోర్లించి, నీళ్ళ ముంత పుచ్చుకుని గుట్టెక్కి, శిఖరాన ఉన్న నల్లబండ మీద మోకరించింది. ఆ బండ మీదినుంచి చూస్తే ఊళ్ళోని ప్రతి ఇంటి కప్పూ కనబడుతుంది. ప్రతి ఉదయం ఆమె ఊరివైపు తిరిగి చూసేది. ఏ కప్పు మీదా పొగ లేదు. "చూడు తండ్రీ, మా ఊరి భక్తి చూడు. ఒక్క పొయ్యి కూడా వెలగలేదు. ఇంతకన్నా ఏం కావాలి నీకు?" అని చేతులెత్తి స్తోత్రం చేసేది. పొయ్యి వెలగనిది భక్తితోనా గింజలు లేకనా అన్న ఆలోచన ఆమెకు రాలేదు. అంత అనుభవమున్న మనిషికే రాలేదు! జీవితమంతా కావాలని కుండ బోర్లించిన మనిషికి, వేరే గతిలేక బోర్లిన కుండ కూడా అట్లాగే కనబడింది.

ఒకనాటి సాయంకాలం పడమట మబ్బు పట్టింది. ఊరంతా వీధుల్లోకి వచ్చి ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. సరిగ్గా ఆ వేళ, ఊరి చివర ఒక గుడిసె మీద సన్నగా పొగ లేచింది. తబితమ్మ కూడా దాన్ని చూసింది. కాసేపటికి మబ్బు విడిపోయింది, చుక్క పడలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరే ఆ పాపిష్టిది! ఇన్ని ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే ఒక్కపూట ఆగలేకపోయిందా! ప్రభువా, ఆ పొయ్యి సంగతి నువ్వే చూసుకో" అని బండ మీద చెయ్యి చరిచి మరీ అన్నది.

ఆ పొయ్యి లేయమ్మది. ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల. పెనిమిటి డెల్టాకు పోయి కబురు లేదు, ఒళ్ళో నెలల పసికందు. పాలు ఎండిపోయినాయి. వాగు గట్టున చెలమ పక్కన మిగిలిన చెంచలాకు గిల్లుకొచ్చి ఉడకబెట్టింది, అదీ ఆమె చేసిన ఘోరం. మర్నాడు జక్కరయ్య సంఘం ముందు ఆమెను నిలబెట్టి, నీ పొగవల్లనే మబ్బు తిరిగిపోయిందని చెప్పి, ప్రార్థన గుళ్ళో అడుగుపెట్టవద్దని వెలివేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మబ్బుకు పొగకు సంబంధమేమిటని అడిగిన నోరు ఒక్కటి లేదు. అందరికీ ఆకలి, అందరికీ కోపం, ఆ కోపం తీర్చుకోవడానికి ఒక మనిషి దొరికింది. కరువు వస్తే గడ్డి ఎండడమొకటేనా, మనుషులు కూడా ఎండిపోతారు.

ఎండ నడినెత్తికి రాకముందే లేయమ్మ బిడ్డను కొంగులో చుట్టుకుని, ఆగుతూ ఆగుతూ గుట్టెక్కింది. తబితమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నది. ప్రార్థన మధ్యలో పలకరించరాదని తెలిసినా, ఆ పిల్ల బండకింద కూలబడి, "అత్తా, నీ ఉపవాసం నేను చెరిపాను. జక్కరయ్య మామ ఊరందరి ముందూ నన్ను వెలేశాడు. నన్ను క్షమించమని దేవుడికి చెప్పు. నాకోసం కాదత్తా, దీనికోసం" అన్నది.

తబితమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా ఉన్నది పాపిష్టిది కాదు, చెంపలు లోపలికి పోయిన పసిపిల్లలాంటి తల్లి. కొంగు తొలగించి చూసింది. బిడ్డ నోరు తెరిచి ఉన్నది, ఏడుపు రావడం లేదు. ఏడవడానికి కూడా సత్తువ లేదు.

"ఏం వండావే?" అని అడిగింది.

"చెంచలాకు, అత్తా. ఉప్పు కూడా లేదు."

"మిగతా ఇళ్ళల్లో ఏం వండుకుంటున్నారు?"

"ఏముందని వండుకుంటారత్తా? మా బజారులో గింజ చూసి ఎన్నాళ్ళయిందో. రాత్రిపూట నీళ్ళు తాగి పడుకుంటున్నారు."

ఆ మాటతో తబితమ్మ తలెత్తి ఊరివైపు చూసింది. అవే కప్పులు, ఏ కప్పు మీదా పొగ లేదు. నిన్నటిదాకా దేన్ని చూపించి దేవుడి దగ్గర గొప్పలు పోయిందో, అది భక్తి కాదు, ఆకలి. ఊరి ఆకలినంతా మూటగట్టి ఉపవాసమని పేరుపెట్టి ఆయనకు కానుకగా ఎత్తి చూపింది. తన మీద తనకు పుట్టిన అసహ్యం చెప్పనలవి కాలేదు. దాని వెంటనే మరిది మీద కోపం వచ్చింది, వెలివేస్తుంటే చూస్తూ నిలబడిన ఊరి మీద వచ్చింది, ఇదంతా చూస్తూ పైన కూర్చున్నాయన మీద కూడా వచ్చింది. ఆమె దాచుకోలేదు. దేవుడి దగ్గర కోపం దాచుకునేవాడు ప్రార్థన చేస్తున్నట్టు కాదు, నటిస్తున్నట్టు.

"ప్రభువా, కాస్త ఆగు! నీతో తరవాత మాట్లాడతా. నాకిప్పుడు కింద పనుంది" అని, మొదలుపెట్టిన ప్రార్థనకు ఆమెన్ కూడా చెప్పకుండా, ఒక మోకాలు బండ మీదనే ఉండగా రెండో పాదం గట్టిగా ఊని లేచింది. ఆ లేవడంలో ఆమె ఒంటి బరువంతా, గుండె మంట అంతా ఆ రాతి మీద పడింది. మైనపు ముద్దలో వేలు దిగినట్టుగా ఆ నల్లబండలో మోకాలు దిగింది, పాదమూ దిగింది. ఆమె వెనుదిరిగి చూడలేదు. లేయమ్మ చూసి నిర్ఘాంతపోయింది. రాయి అప్పుడే కరిగింది. జక్కరయ్య మనసు కరగడానికి మాత్రం ఇంకొంచెం సేపు పట్టింది.

తబితమ్మ తిన్నగా ఇంటికి పోయి, బోర్లించిన కుండను తిరగేసి, కింద పొయ్యిరాళ్ళు కూడా పెకలించి గంపలో వేసుకుని, పట్టపగలు నడివీధిన నడుచుకుంటూ ప్రార్థన గుడి ముందుకు వచ్చింది. వాకిలికి ఎదురుగా రాళ్ళు పేర్చి, కుండ పెట్టి, నీళ్ళు పోసి, మంట వేసింది. పొగ లేచింది. పొగ చూసి ఊరంతా పరిగెత్తుకొచ్చింది, అందరికన్నా ముందు జక్కరయ్య వచ్చాడు. ఉపవాసంతో ఆయన కూడా చిక్కి శల్యమై ఉన్నాడు.

"వదినా! నీకు మతి పోయిందా? గుడి ముందర పొయ్యి వెలిగిస్తావా?" అన్నాడు.

"ఎసరు పెట్టానయ్యా. ఎసరు పెట్టడం నా వంతు, గింజలు పోయడం నీ వంతు. తాళం తియ్యి."

"అవి దేవుడివి. ఇచ్చినదాన్ని తిరిగి తింటే శాపం తగులుతుంది."

"ఆ శాపం నా నెత్తిన రాసెయ్యి. రేపు ఆయన అడిగితే నేను చెప్పుకుంటా. ఆ లేయమ్మ పసిదాని సంగతి అడిగితే నువ్వేం చెప్పుకుంటావో ఇప్పుడే ఆలోచించుకో. గంట కొడతావా గంట! ఆకలికి చచ్చినవాళ్ళకు గంట వినబడుతుందా?"

జక్కరయ్య వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె మంట ఎగదోసుకుంటూ కూర్చున్నది. కాసేపటికి ఒక ఇల్లాలు తన కుండ తెచ్చి పక్కన ఎసరు పెట్టింది. ఆమెను చూసి మరొకతె. తరువాత ఇంటింటి పొయ్యీ గుడి ముందరికి వచ్చింది. అన్ని కుండల్లోనూ వట్టి నీళ్ళే మరుగుతున్నాయి. జక్కరయ్య కుండ కుండకూ పోయి వంగి చూశాడు, ఎవరైనా ఏమైనా దాచుకుని వండుతున్నారేమోనని. ఎందులోనూ గింజ లేదు. ఊళ్ళో జొన్నలు మిగిలినది తన వెనక ఉన్న తలుపు చాటునేనని ఆయనకు అప్పుడు తెలిసి ఉండాలి. తెలిసినా కదలలేదు. మొండితనం అంత తేలిగ్గా దిగదు.

లేయమ్మ మాత్రం ప్రహరీ బయటే నిలబడి ఉన్నది. వెలివేసిన మనిషి గదా, లోపలికి రాలేదు. ఒక చేత బిడ్డ, మరో చేత దేవుని ముంత. "దూరంగా నిలబడ్డావేమే, ఇట్లా రా" అని తబితమ్మ కేకేసింది. ఆ పిల్ల భయపడుతూ వచ్చి, ముంతను జక్కరయ్య కాళ్ళముందు పెట్టి, "నన్ను గుళ్ళోకి రావద్దన్నావు గదా మామా, అందుకని ఇది తెచ్చి పొయ్యలేకపోయా. నిన్నటిది. దేవుడిది నా దగ్గర ఉంచుకోకూడదు గదా" అన్నది.

జక్కరయ్య వంగి ముంతలోకి చూశాడు. అందులో వడలి ఎండిపోయిన చెంచలాకు ఉన్నది. పిడికెడు.

ఉడకబెట్టుకునే ముందు, ఆచారం ప్రకారం, ఆ ఆకులోంచి కూడా పిడికెడు తీసి దేవుడికి పెట్టింది ఆ పిల్ల! ఒంట్లో చుక్క పాలు లేవు, చేతిలో ఉన్నది గడ్డి, అందులోనూ ముందు ఆయన వంతు! అటువంటిదాన్ని పట్టుకుని ప్రార్థన చెరిపిందని వెలివేశారు పెద్దమనుషులు! ఈ మాట చెప్పే ప్రతిసారీ ఆ ఊరి ముసలివాళ్ళకు ఇప్పటికీ పిడికిళ్ళు బిగుసుకుంటాయి. బిగుసుకోవద్దా మరి?

జక్కరయ్య ఉన్నచోటనే చతికిలబడ్డాడు. చాలాసేపు ఆ ముంతను ఒళ్ళో పెట్టుకుని, ముసలి ఎద్దు రొప్పినట్టు రొప్పుతూ ఏడ్చాడు. తరువాత లేచి, మొలతాటి ముడి వేళ్ళకు ఊడకపోతే తాడునే తెంపి, తలుపు బార్లా తెరిచాడు. మొదటి బానలోంచి మొదటి దోసెడు తానే తెచ్చి తబితమ్మ కొంగులో పోశాడు. ఎసరు అప్పటికే కాగి ఉన్నది. ఆడవాళ్ళు జొన్నలు కచ్చాపచ్చాగా దంచి పోశారు, అంబలి ఉడికింది. తబితమ్మ పైపైని తేట తీసి, ఊది చల్లార్చి, కొంగు కొసతో బిడ్డ నాలుక మీద చుక్క చుక్కగా పిండింది. మిగతాది లేయమ్మ చేత తాగించింది. ఊరంతా చుట్టూ నిలబడి ఉన్నది. తమ ఆకలి మరిచిపోయి అందరూ ఆ చిన్న నోటివైపే చూస్తున్నారు. ఆ నోరు ఒకసారి చప్పరించింది. మరొక చుక్కకు చప్పరించింది. కొంచెం సేపటికి, ఆ ఊరు ఎన్నాళ్ళుగానో వినని శబ్దం, కేర్‌మని ఏడుపు వినబడింది.

అప్పుడు తబితమ్మ కళ్ళు మూసుకుని, గుట్ట మీద వదిలేసి వచ్చిన ప్రార్థనకు, "ఆమెన్" అన్నది.

ఆ క్షణానే కుంభవృష్టి కురిసిందని ఈ మధ్య కొందరు బోధకులు మైకుల్లో చెబుతున్నారు. అబద్ధం. వాన దాని వేళకు అది వచ్చింది. అందాకా ఆ బానల జొన్నలతో ఊరు బతికింది. లేయమ్మ బిడ్డ పెరిగి పెద్దదై, పిల్లల్ని కని, ముసలిదై, ఆ గుడి ఆవరణలోనే సమాధిలో ఉన్నది. కంచు గంట మాత్రం కొనలేదు. ఇప్పటికీ ఆ గుడికి గంట లేదు, గంట కట్టవలసిన చోట ఒక మట్టి ముంత వేలాడుతూ ఉంటుంది. అదేమిటని అడగని యాత్రికులే ఎక్కువ.

నల్లబండ మీద ఆ గుర్తులు నేటికీ దర్శనీయాలు. ఒక మోకాలు, ఒక పాదం. కార్లలో వచ్చేవాళ్ళు మోకాలి గుర్తులో నూనె పోస్తారు, అందులో తమ మోకాలు ఆనించి పరీక్షలకూ వీసాలకూ ఉపవాస ప్రార్థనలు చేస్తారు, దిగిపోతూ గుట్ట కిందే బిర్యానీ పొట్లాలు విప్పుతారు. నూనెకు మోకాలి గుర్తు నిగనిగలాడుతూ ఉంటుంది. పక్కనే ఉన్న పాదంలో మట్టి పేరుకుపోయి ఉంటుంది. మోకరించిన మనిషి లేచిందన్న సంగతి ఎవరికీ అక్కర్లేదు!

సొలసపాడువాళ్ళ పద్ధతి వేరు. ఉపవాసదినాన వాళ్ళు కుండ బోర్లించరు. తాము తినవలసిన పూట వండి, ఆ కుండను తలకెత్తుకునే గుట్టెక్కుతారు. ప్రార్థన ముగియవచ్చినప్పుడు అందరూ బండ అంచున నిలబడి ఊళ్ళోకి తేరిపార చూస్తారు. గ్యాసు పొయ్యిల కాలంలో పొగ జాడ తెలియడం లేదు గనుక, ఎవరింట్లో వంట కాలేదో ముందే కనుక్కుని వచ్చినవాళ్ళు ఆ ఇంటివైపు చెయ్యి చూపిస్తారు. గుట్ట మీద ఎవ్వరూ ఆమెన్ చెప్పరు. ఆ పాదం గుర్తులో తమ పాదం ఊని, కుండలెత్తుకుని దిగి, చెయ్యి చూపించిన గడపకు పోయి, ఆ ఇంటివాళ్ళకు వడ్డించి, మొదటి ముద్ద వాళ్ళ నోట్లోకి పోయేదాకా నిలబడతారు. అప్పుడు చెబుతారు ఆమెన్.